మంచం పక్కన ఉండే మనిషికీ ఒక చీటీ

పక్షవాతం వచ్చిన తండ్రికో, మతిమరుపు ముదిరిన అత్తగారికో ఇంట్లోనే సేవ చేసే మనిషి అన్నిటికంటే ముందు పోగొట్టుకునేది నిద్ర. విసుగు, నడుం నొప్పి, మందులు తారుమారు కావడం చాలావరకు దాని వెనకాలే వస్తాయి. రోగి మందుల చీటీకి పక్కనే మీ నిద్ర వేళలు రాసిన చీటీ కూడా గోడకు అంటించండి.

రాత్రిని రెండు వంతులు చేయండి. 9 నుంచి 2 వరకు ఒకరు, 2 నుంచి 7 వరకు ఇంకొకరు. వంతు లేనివారు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. ఒకే గదిలో ఉంటే ప్రతి దగ్గుకీ మెలకువ వస్తుంది, అప్పుడు వంతు వేసుకుని లాభం లేదు. కదల్లేని మనిషిని మామూలుగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఒక్కరే ఉన్న ఇంట్లో ఇది రోజూ రాత్రంతా సాగే పని కాదు. ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పి, రాత్రికి ఎంత వ్యవధి ఇవ్వవచ్చో అడిగి రాయించుకోండి. ఎయిర్‌బెడ్ వేసినా తిప్పడం మానకూడదు. నడుం కింద, మడమల దగ్గర ఎర్రబారిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలవుతున్నట్టే.

చూడ్డానికి వచ్చిన ప్రతివారూ "ఏమైనా కావాలంటే చెప్పు వదినా" అంటారు. ఆ మాట అక్కడితో ఆగిపోయేది మనం చెప్పకపోవడం వల్లే. "మంగళవారం 10 నుంచి 1 దాకా మీరు నాన్నగారి దగ్గర కూర్చోండి బావగారూ, గంజి ఎలా పట్టాలో నేను చూపిస్తాను" అనండి. ఏ రోజు, ఏ వేళ, ఏ పని, మూడూ చెప్పాలి. విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న తమ్ముడికి నెల మందుల ఖర్చు, డాక్టరు అపాయింట్‌మెంటు, కాగితాల పని అప్పగించండి. దూరం వాటికి అడ్డు కాదు. కోడలే చేయాలి, కూతురే చేయాలి అని మిగతావాళ్లు చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

మతిమరుపు ఉన్నవారు కొత్త చేతిని ఒప్పుకోరు. మొదటి వారం మీరు ఇంట్లో ఉండగానే కొత్తగా సాయానికి వచ్చే మనిషిని అరగంట కూర్చోబెట్టండి, ప్రతిసారీ అదే మనిషి, అదే వేళ. ఒడిశాలో బరంపురం, గుణుపురం, జయపురం వైపు ఆయా చాలాసార్లు ఒడియా మాత్రమే మాట్లాడుతుంది. మందుల వేళలు, ఫోన్ నంబర్లు గోడమీద తెలుగులోనూ ఒడియాలోనూ రాసి పెట్టండి.

నడుం సంగతి. నులక మంచం మధ్యలో కుంగుతుంది, రోగికి పుండ్లు, మీకు వంగి వంగి నొప్పి. చెక్క మంచం మీద పరుపు వేసి, మంచం కోళ్ల కింద ఇటుకలు గట్టిగా కదలకుండా పెట్టి మీ తొడ మధ్య ఎత్తుకు తీసుకురండి. లేచి కూర్చోగలిగే రోగి అయితే ఇది పనికిరాదు, పాదాలు నేలకు ఆనాలి. పైకి జరపడానికి చంకల్లో చేతులు వేసి లాగకండి. నడుం కింద మడత దుప్పటి వేసి, ఇద్దరు చెరో పక్కా మోకాళ్లు వంచి పట్టి జరపండి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని లేపితే భుజం కీలు జారవచ్చు.

కాగితాల పనిలో మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దు జిల్లాల్లో తరచూ చిక్కు పెట్టేది పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియావారు చివర రాస్తారు. ఆధార్‌లో ఒకలా, డిశ్చార్జి కాగితంలో మరోలా ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. వికలాంగ ధ్రువపత్రానికి వెళ్లేముందే అన్నిటిలో ఒకే రూపం చేయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఇచ్చిన పత్రం దేశమంతా చెల్లుతుంది, రేపు శ్రీకాకుళం మారినా మళ్లీ మొదటికి రాదు. పింఛను మాత్రం ఉంటున్న రాష్ట్రానిదే. ఒడిశాలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను తీసుకుంటున్నవారిలో 80 ఏళ్లు దాటినవారికీ, 80 శాతం పైబడి వైకల్యం ఉన్నవారికీ 2025 నుంచి నెలకు 3,500 రూపాయలు. దరఖాస్తు బ్లాకు ఆఫీసులో, లేదా మో సేవా కేంద్రంలో. పైన చెప్పిన 2016 చట్టం డబ్బు తీసుకోకుండా సేవ చేసే కుటుంబ సభ్యుల్ని కూడా సంరక్షకులుగానే గుర్తిస్తుంది. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు. విశాఖ వెళ్లేముందు అక్కడి ఆసుపత్రి ఈ కార్డు చెల్లే జాబితాలో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. పెద్దవాళ్ల విషయంలో ఎటు వెళ్లాలో తెలియకపోతే వృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేయండి, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు.

ఆశా దీదీ ఇంటికొచ్చినప్పుడు రోగి సంగతితో ఆపకండి. మీ బీపీ, సుగర్ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారో చెప్పి, ఆరోగ్య కేంద్రంలో ఎప్పుడు చూస్తారో అడగండి.

రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అది అలసట ఒక్కటే కాకపోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, ఉచితం, పగలూ రాత్రీ. తెలుగులో మాట్లాడాలని మొదటే చెప్పండి. ఫోన్‌లో వద్దనుకుంటే బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో లేదా జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి నేరుగా వెళ్లవచ్చు. రోగి మీద చెయ్యి లేవబోతోంది అనిపించిన క్షణంలో, పడిపోకుండా పక్కకు తిప్పి, మంచానికి అడ్డం పెట్టి, గది బయటికి వచ్చేయండి. పది నిమిషాలు. అటుపైన ఎవరికైనా ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తే అదే 14416కు వెంటనే చేయండి, ఆ రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉండకండి.