పట్టాల అవతల పడ్డ పిన్ను: మ్యాప్‌లో షాపు సరిచేసుకోవడం ఎలా?

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్, రెండో అడ్డరోడ్డులో నాది మగ్గం వర్క్ షాపు. మన ఊళ్లో వాళ్లకి 4/2 అంటే చాలు. కొంప ముంచింది కూడా ఆ మాటే. రైలు పట్టాల అవతలున్న అరండల్‌పేటలోనూ ఇలాగే లైన్లు, అడ్డరోడ్లు. గూగుల్‌లో షాపు పెట్టేటప్పుడు మా అక్క కొడుకు పేట పేరు రాయలేదు. పిన్ను, అంటే మ్యాప్‌లో షాపు చోటు చూపించే గుర్తు, వెళ్లి ఆ పట్టాల అవతల కూర్చుంది.

శ్రావణమాసం, జాకెట్ల రద్దీ. తెనాలి నుంచి వచ్చినావిడ ఫోను: "మీ షాపు ముందే ఉన్నామమ్మా, ఇక్కడేమో టైర్ల కొట్టుందే!"

వెంటనే అడ్రస్‌లో బ్రాడీపేట అని చేర్చి, పనైపోయిందనుకున్నాను. ఫోన్లు ఆగలేదు. రాసిన అడ్రస్ వేరు, పిన్ను వేరు. రాత మార్చినా పిన్ను ఉన్నచోటే ఉండిపోవచ్చు. దాన్ని మనమే పట్టి జరపాలి.

షాపు పెట్టిన మెయిల్‌తోనే లాగిన్ అయి గూగుల్‌లో మీ షాపు పేరు వెతకండి. ఎడిట్ ప్రొఫైల్‌లో లొకేషన్‌కి వెళ్తే అడ్రస్ పక్కన చిన్న మ్యాప్ ఉంటుంది. అక్కడ అడ్జస్ట్ నొక్కి, శాటిలైట్ బొమ్మ పెట్టుకుని జరపండి. ఇంట్లో మంచం మీద కూర్చుని ఊహించి పెట్టొద్దు. గుమ్మం బయట, ఆకాశం కనిపించేచోట నిలబడండి. మ్యాప్‌లో మీరున్న చోటు చూపించే నీలం చుక్క చుట్టూ లేత నీలం వలయం పెద్దగా ఉంటే ఫోనుకే ఇంకా సరిగ్గా తెలియలేదన్నమాట. అది చిన్నదయ్యేదాకా ఆగండి.

ఇంకో సంగతి నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. నేను పిన్నును డాబా నడిమధ్యలో పెట్టాను. అక్కడి నుంచి దగ్గరగా ఉన్నది వెనక సందు. దారి చూపించేటప్పుడు మ్యాప్ ఆ సందులోకే తీసుకెళ్లింది, అటు మాకు తలుపే లేదు. అందుకే పిన్ను బోర్డు వైపు, రోడ్డుకి దగ్గరగా ఉండాలి.

దూరం జరిపితే గూగుల్ మళ్లీ వెరిఫికేషన్, అంటే షాపు మీదేనని రుజువు, అడగొచ్చు. నన్ను వీడియో అడిగింది. ఎక్కడా ఆపకుండా ఒకేసారి తీయాలి, కనీసం 30 సెకన్లు. వీధి, పక్క కొట్లు, మన బోర్డు చూపించి, తర్వాత తాళం తీసి లోపలికెళ్లి మగ్గాలు చూపించాను. ముఖాలు పడక్కర్లేదు, బ్యాంకు కాగితాలు అసలే పడకూడదు. పరిశీలనకు 5 పనిదినాల దాకా పట్టొచ్చు. ఈలోపు టెన్షన్ పడి పాతది తీసేసి కొత్తది పెట్టకండి. సంపాదించుకున్న రివ్యూలు పోవచ్చు, ఒకే షాపు రెండుచోట్ల కనిపించి గందరగోళం ఇంకా పెరగొచ్చు.

షాపు మీది కాకపోయినా సరిచేయొచ్చు. మ్యాప్‌లో దాని మీద నొక్కి, సజెస్ట్ యాన్ ఎడిట్‌లో చోటు మార్చి పంపండి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం గూగుల్ ఇష్టం.

వాట్సాప్ బిజినెస్‌లో ఇచ్చిన అడ్రస్, యాపిల్ మ్యాప్స్, మన దేశపు మ్యాప్ యాప్ మ్యాపుల్స్ వేటికవే. ఒకచోట మారిస్తే మిగతాచోట్ల మారదు. పాత కస్టమర్లకి పంపిన లొకేషన్లు కూడా పాతచోటికే తీసుకెళ్లొచ్చు, నేను కొత్తది మళ్లీ పంపాను.

చివరికి వేరేవాళ్ల ఫోనులో వెతికి చూడండి. నేను పక్క కొట్టు కుర్రాడికి ఫోనులో దారి పెట్టి, బస్టాండ్ నుంచి బండి మీద రమ్మన్నాను. సరిగ్గా మా బోర్డు కింద ఆపాడు.

ఆ తర్వాత వారానికే ఎవరో ఫోన్ చేసి, మూడు వేలు కడితే మ్యాప్‌లో షాపు సరిచేస్తామన్నారు. ఈ పనికి గూగుల్ ఒక్క రూపాయి కూడా తీసుకోదు. "ఇప్పుడు మా షాపు ఎక్కడుందో చెప్పండి చూద్దాం" అన్నాను, ఫోన్ పెట్టేశారు.