జర్మనీలో మాస్టర్స్‌కి వెళ్తున్నారా? ముందు అడ్రస్ సంగతి చూడండి

జర్మనీ ప్రయాణం అనగానే మన ఇళ్ళల్లో టెన్షనంతా సూట్‌కేసు బరువు మీదే. ఆవకాయ ఎంత, గోంగూర ఎంత, కుక్కర్ మూడు లీటర్లదా ఐదు లీటర్లదా... ఇవన్నీ అక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, కాస్త రేటు ఎక్కువ, అంతే. దొరకనిది ఇల్లు. అడ్రస్ లేకపోతే అక్కడ ఒక్క పనీ ముందుకు కదలదు.

అందుకే అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే, వీసా సంగతి తేలకముందే, స్టూడెంటెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి, క్యాంటీన్లు చూసే సంస్థ) హాస్టల్‌కి అప్లై చేసేయండి. మ్యూనిక్ లాంటి ఊళ్ళలో వెయిటింగ్ లిస్టు సెమిస్టర్ల కొద్దీ ఉంటుంది. బయట గది వెతికేటప్పుడు ప్రకటనలో ‘కాల్ట్‌మీటె’ చూసి చవక అనుకోకండి, అందులో హీటింగ్, నీళ్ళ ఖర్చు కలవదు, అవి కూడా కలిపిన ‘వార్మ్‌మీటె’ ఎంతో చూడండి. అడ్వాన్స్ చట్టం ప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటె దాటకూడదు. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపండి, తాళాలు కొరియర్ చేస్తాను" అన్నవాడు నూటికి నూరుపాళ్ళు మోసగాడే, ఫొటోలు ఎంత బాగున్నా సరే. ‘అన్మెల్డుంగ్ కుదరదు’ అని రాసిన గది మొదటి రెండు వారాలు తలదాచుకోవడానికి తప్ప పనికిరాదు.

అన్మెల్డుంగ్ అంటే మునిసిపల్ ఆఫీసులో మీ అడ్రస్ నమోదు చేయించుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లో చేయించాలి. అపాయింట్‌మెంట్ వీలైతే ఇక్కడి నుంచే బుక్ చేసుకోండి. బెర్లిన్‌లో అయితే దొరకడమే గగనం, పొద్దున్నే సైట్ తెరిస్తే ఎవరో క్యాన్సిల్ చేసుకున్న స్లాటు తగలొచ్చు. పాస్‌పోర్టు, ఫారం, ఇంటి ఓనరు సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ (మీరు ఆ ఇంట్లో దిగారన్న ధ్రువీకరణ. పేరు పలకలేకపోయినా పర్వాలేదు, కాగితం ఉంటే చాలు) పట్టుకెళ్ళాలి. అక్కడ మతం అడుగుతారు. క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే చర్చి పన్ను పడుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ మీద రాష్ట్రాన్ని బట్టి 8 లేదా 9 శాతం. చదువుకునేటప్పుడు తెలియదు, ఉద్యోగం వచ్చాక జీతం స్లిప్పులో కనపడుతుంది. మన క్రైస్తవ కుటుంబాల పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పేవాళ్ళు తక్కువ.

ఇక పోస్టు డబ్బా. నవ్వకండి, ఇదే అసలు విషయం. హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంకు పిన్, ట్యాక్స్ నంబరు అన్నీ పోస్టులోనే వస్తాయి, డబ్బా మీద మీ పేరు లేకపోతే పోస్టుమ్యాన్ వాటిని వెనక్కి పంపేస్తాడు. ఫ్లాట్ నంబరు చూసి వేసే అలవాటు అక్కడ లేదు. మనకేమో పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకటి, దాని తర్వాత రెండు మూడు ముక్కల పేరు. కాబట్టి ఇంటిపేరు పాస్‌పోర్టులో ఏ స్పెల్లింగ్‌లో ఉందో అదే స్పెల్లింగ్‌లో డబ్బా మీదా, కాలింగ్ బెల్ పక్కనా అంటించండి, దిగిన రోజే. ఫ్రెండ్ గదిలో ఉంటే అడ్రస్‌లో ‘కేరాఫ్’ అని వాడి పేరు రాయించండి. ఆ ట్యాక్స్ నంబరు ఇవ్వకుండా పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరితే జీతంలోంచి అన్నిటికంటే ఎక్కువ రేటులో పన్ను కోస్తారు.

డబ్బు: బ్లాక్డ్ అకౌంట్‌లో (ఖర్చులకు డబ్బుందని వీసాకు చూపించడానికి ముందే వేసి, నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు పెట్టాలి, నెలకు 992 చేతికొస్తాయి. అది కూడా అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాకే, కాబట్టి మొదటి నెల అద్దెకీ తిండికీ ఫారెక్స్ కార్డులో వేరేగా పెట్టుకోండి. ఇన్సూరెన్స్ విషయంలో మీకు 30 ఏళ్ళు నిండకపోతే ప్రభుత్వ పద్ధతిలోది తీసుకోండి. నెలకు కొంత మిగులుతుందని ప్రైవేటుకు వెళ్తే ఆ చదువు అయ్యేదాకా వెనక్కి రాలేరు. టీవీ, రేడియో ఫీజు కట్టమని ఒక ఉత్తరం వస్తుంది, మోసమేమో అని చించి పారేయకండి, నిజమైనదే. ఇంట్లో టీవీ లేకపోయినా ఫ్లాటుకు నెలకు 18.36 యూరోలు, అందరూ పంచుకోవచ్చు.

పార్ట్‌టైమ్‌కి 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు అనుమతి. కానీ పరీక్షలు చూసుకుని చేయండి. అక్కడ కోర్సులో చేరగానే పరీక్ష రాసే అర్హత వచ్చేయదు, ఒక్కో పరీక్షకి పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ కావాలి, గడువు దాటితే ఎవరినీ బతిమాలలేరు. చాలా యూనివర్సిటీల్లో మూడే ఛాన్సులు, మూడోసారీ పోతే ఆ కోర్సు అంతటితో సరి. అన్నట్టు 1.0 అంటే అన్నిటికంటే మంచి మార్కు, 4.0 అంటే బొటాబొటీ పాస్. 1.3 వచ్చిందని చెబితే ఇంట్లో కంగారు పడతారు, ముందే వివరించి పెట్టండి.

ఆదివారం షాపులు మూత, శనివారమే సరుకులు తెచ్చుకోండి. ప్లాస్టిక్ సీసా పారేస్తే 25 సెంట్లు పారేసినట్టే, సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేసి స్లిప్పు తీసుకోండి. చలికాలంలోనూ రోజూ కాసేపు కిటికీలు బార్లా తెరవాలి, లేకపోతే గోడకు బూజు పట్టి అడ్వాన్స్‌లో కోత పడుతుంది. ఒకే గది ఇల్లయితే తాలింపు వేసేముందు కిటికీ తెరవండి, పొగ అలారం పైనే ఉంటుంది. ప్రాణాపాయమైతే 112, రాత్రిపూట జ్వరం లాంటిదైతే 116117.

చివరగా, ఇక్కడ ఇచ్చే వీసా కొన్ని నెలలకే. అది అయిపోకముందే రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేయండి, కార్డు రావడానికి నెలలు పట్టొచ్చు. అక్క పెళ్ళికో సంక్రాంతికో టికెట్ బుక్ చేసుకునే ముందు ఆ కార్డు చేతికొచ్చిందా లేదా చూసుకోండి.