కుంచెతో చైనా అక్షరాలు – 4వ పాఠం: చీ గొంగ్ గళ్లు

కుంచె పట్టు, సిరా పాకం, అడ్డగీత, నిలువుగీత ఇప్పటిదాకా అయ్యాయి. ఈ దశకు వచ్చేసరికి గీత విడిగా బాగానే వస్తుంది గానీ నాలుగు గీతలు కలిపితే అక్షరం కుదరదు. చాలామంది ఇక్కడే మానేస్తారు. లోపం కుంచె తిప్పడంలో ఉందనుకుని, రాసిన గీతనే మళ్లీ మళ్లీ రాసి విసిగిపోతారు. అసలు చూసుకోవలసింది గీతల పొందిక అని గట్టిగా చెప్పిన పెద్దమనిషి చైనా లిపికారుడు చీ గొంగ్. ఈ పాఠం ఆయనదే.

చీ గొంగ్ 1912లో బీజింగ్‌లో పుట్టారు. చింగ్ వంశపు యొంగ్‌జెంగ్ చక్రవర్తి సంతతివారు. ఆయన పుట్టేనాటికే ఆ వంశం గద్దె దిగిపోయింది. పసితనంలోనే తండ్రి పోయారు, హైస్కూలు చదువు కూడా పూర్తికాలేదు. చిన్నప్పటి మోజంతా బొమ్మల మీదే. ఒకసారి ఓ బంధువు ఆయనతో బొమ్మ వేయించుకుని, దాని మీద రాత మాత్రం నువ్వు రాయొద్దు, మీ గురువుగారితో రాయించు అన్నారు. ఆ మాట మనసులో గుచ్చుకుంది. అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది అందుకే.

తర్వాత ఫురెన్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చెన్ యువాన్ ఆయన్ని చేరదీశారు. చదువు పట్టా లేదని రెండుసార్లు ఉద్యోగం పోయినా, చెన్ యువాన్ మళ్లీ పిలిచి పాఠాలు చెప్పించారు. 1958లో ‘మితవాది’ (రైటిస్టు) అన్న రాజకీయ ముద్ర పడింది. సాంస్కృతిక విప్లవం రోజుల్లో గోడలకంటించే పెద్దక్షరాల పోస్టర్లకు నకళ్లు రాసే పని పడింది. దాన్నీ ఆయన రాత సాధనగానే మలుచుకున్నారు. గౌరవాలన్నీ ఆ తర్వాతే వచ్చాయి. చైనా లిపికారుల సంఘానికి అధ్యక్షులయ్యారు. 1990లో హాంకాంగ్‌లో తన రాతలు, బొమ్మలు అమ్మి, వచ్చిన డబ్బుతో పేద విద్యార్థులకు చెన్ యువాన్ జ్ఞాపకంగా ఉపకారవేతనాలు పెట్టారు. ఈయన రాతలో నాకు కనిపించే నిటారుతనం ఈ బతుకులోంచే వచ్చిందని నా నమ్మకం. 2005లో కన్నుమూశారు.

ఇక పనిలోకి వద్దాం. ఒరవడి పుస్తకాల్లో గడి మధ్యన అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు గీతలు గీసి ఉంటాయి. దాంతో అక్షరం ఆయువుపట్టు సరిగ్గా నడిమధ్యన ఉంటుందని మనం అనుకుంటాం. చీ గొంగ్ పాతవాళ్ల అక్షరాలను పెద్దవి చేసి, చిన్న గళ్లు గీసిన పారదర్శకపు షీటు వాటి మీద పరిచి, ఒక్కో గీతా ఎక్కడ పడిందో చూశారు. గీతలు నడిమధ్యన కలవడం లేదు. మధ్యకు కాస్త అటూ ఇటూ ఉన్న నాలుగు చోట్ల గుమికూడుతున్నాయి.

ఆ నాలుగు చోట్లు మీరే గీసుకోండి. గ్రాఫ్ కాగితం మీద అడ్డం 13, నిలువు 13 గళ్ల చదరం గీయండి. ఎడమ నుంచి 5 గళ్ల తర్వాత ఒక నిలువుగీత, మరో 3 గళ్ల తర్వాత ఇంకొకటి ఎర్ర పెన్నుతో గీయండి. కుడివైపు 5 మిగులుతాయి. పైనుంచి కిందికీ అదే లెక్క: 5, 3, 5. మధ్యలో చిన్న ఎర్ర చదరం ఏర్పడుతుంది. దాని నాలుగు మూలలే ఆ చోట్లు. ఏ మూల నుంచి చూసినా ఒకవైపు 5, రెండోవైపు 8. స్వర్ణ నిష్పత్తికి (సుమారు 1:1.6) దగ్గరి లెక్క ఇది. నాలుగింటిలో ఎడమ పై మూల ముఖ్యం. గీతలు ఒక్కచోటే కలిసే అక్షరానికి ముందుగా చూడవలసింది ఆ మూలనే.

మొదటి అక్షరం ‘పది’, చైనీస్‌లో షీ. అడ్డగీత ఒకటి, దాన్ని కోసే నిలువుగీత ఒకటి. రెండూ ఎడమ పై మూలలో కలవాలి. అడ్డగీత కుడిభాగం ఎడమభాగంకన్నా, నిలువుగీత కిందిభాగం పైభాగంకన్నా పొడుగు అవుతాయి. అడ్డగీత కుడివైపుకు రవ్వంత పైకి లేవాలి. స్కేలు పెట్టి గీసినట్టు చదునుగా ఉంటే అక్షరం కుడివైపు జారుతున్నట్టు కనిపిస్తుంది.

రెండోది ‘మూడు’, శాన్. మూడు అడ్డగీతలు. నడిమిది పొట్టి, అడుగుది అన్నిటికన్నా పొడుగు. ఇక్కడ చీ గొంగ్ చెప్పిన సూత్రం: ముందు బిగువు, తర్వాత వదులు. మొదటి రెండు గీతల మధ్య సందు తక్కువ, కింది సందు ఎక్కువ. ‘నది’ అనే చ్వాన్‌లో ఇదే సంగతి పక్కకు తిరుగుతుంది: మూడు నిలువుగీతల్లో ఎడమ సందు ఇరుకు, కుడి సందు వెడల్పు. రెండు సందులూ సమానంగా పెట్టిన చ్వాన్ ఒకటి, ఇలాంటిది ఒకటి పక్కపక్కన రాసి, గోడకంటించి దూరం నుంచి చూడండి. నేను చెప్పనక్కర్లేదు, సమానంగా ఉన్నది కంచెలా నిలబడిపోయి ఉంటుంది.

ఒరవడిగా పాతకాలపు లిపికారుడు ల్యూ గొంగ్‌చ్వాన్ 841లో రాసిన శువాన్‌మి స్తూప శాసనం తీసుకోండి. చీ గొంగ్ కూడా దిద్దినదే. అయితే అది రాతి మీద చెక్కినది. గీతల చివర్ల కనిపించే మొనదేరిన అంచులు కొన్ని ఉలి పెట్టినవి, కుంచెవి కావు. ఉలిని అనుకరించవద్దని, దాని వెనకున్న కుంచెను చూడమని ఆయన పదేపదే చెప్పేవారు. కాబట్టి ఆ అంచులు వదిలేసి, గీత నడిమి దారిని మాత్రం ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో తీసి, మీ 13 గళ్ల చదరం మీద పెట్టి చూడండి. దగ్గర గురువు లేనివాళ్లకు తప్పు పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం నేను చూడలేదు. చేతి విసురు సరిగా ఉందో లేదో పక్కన ఎవరైనా ఉండి చెప్పాలి. సందు ఎక్కువైందా తక్కువైందా అన్నది గళ్లే చెప్తాయి.

వచ్చే పాఠం వరకు ఈ మూడు అక్షరాలే రాయండి, ముందు పెన్సిల్‌తో, కుదిరాక కుంచెతో. తర్వాత ‘అడవి’, అంటే లిన్ రాద్దాం: రెండు చెట్లు పక్కపక్కన. ఎడమ చెట్టు ఎంత ఇరుకుగా పెట్టాలో ఈలోగా గళ్లలో మీరే ఒకసారి గీసి ఉంచుకోండి.