అడ్వెంచర్ బైక్‌పై రోజూ తిరుగుతూనే మైలేజీ పెంచుకోవడం ఎలా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, హీరో ఎక్స్‌పల్స్, సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ లాంటి బండి ఏది కొన్నా సెల్లార్‌లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘ఎంతిస్తుంది?’ అనే. ఈ బండ్లను కొండదారుల కోసం కొంటాం. కానీ వాటి మీద తిరిగే కిలోమీటర్లలో ఎక్కువ భాగం ఇంటికీ ఆఫీసుకీ మధ్యే గడిచిపోతాయి. హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. సీటు ఎత్తు, నిటారుగా కూర్చుంటాం కాబట్టి గాలి నేరుగా ఛాతీకే కొడుతుంది. వీటిని మార్చలేం, మార్చకూడదు కూడా. మార్చగలిగినవి వేరే ఉన్నాయి. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగితే 1,000 కిలోమీటర్లు. మైలేజీ 28 నుంచి 32కి పెరిగితే నెలకు దాదాపు నాలుగున్నర లీటర్లు మిగులుతాయి. లీటరు 107 రూపాయలనుకుంటే 480 రూపాయల దాకా ఆదా. అందుకే వేలు పోసి మైలేజీ పెంచుతామనే పరికరాలు బిగించుకోవడంలో అర్థం లేదు. కింది పనులు ఇదే వరుసలో చేయండి.

1. ముందు సరిగ్గా కొలవండి

మీటర్‌లో కనిపించే సగటు మైలేజీ ఒక అంచనా మాత్రమే. నమ్మదగిన పద్ధతి ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్. బంకులో పైపు తనంతట తాను ఆగేవరకు కొట్టించి, ట్రిప్ మీటర్‌ను సున్నా చేయండి. ట్యాంకు బాగా తగ్గాక, వీలైతే అదే బంకులో అదే పంపు దగ్గర, మళ్లీ పైపు ఆగేవరకు కొట్టించండి. 412 కిలోమీటర్లు తిరిగాక 13.4 లీటర్లు పట్టిందనుకోండి, 412ను 13.4తో భాగిస్తే 30.7. అదీ మీ అసలు మైలేజీ.

రెండుసార్లూ బండి ఒకేలా నిలబడి ఉండాలి. ఒకసారి సైడ్ స్టాండ్ మీద, ఇంకోసారి నిటారుగా పెట్టి కొట్టిస్తే ఈ వెడల్పాటి ట్యాంకుల్లో అర లీటరు తేడా రావడం కష్టమేమీ కాదు. ఐదు లీటర్లకే లెక్క చూస్తే ఆ అర లీటరు పది శాతం తప్పవుతుంది. అందుకే పూర్తి ట్యాంకుకు లెక్క కట్టాలి, కనీసం మూడు ట్యాంకుల సగటు తీయాలి. లెక్క పక్కాగా రావాలని మూత అంచు దాకా నింపించకండి. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లలో పెట్రోలు ఆవిరిని పట్టే క్యానిస్టర్ ఉంటుంది, అంచు దాకా నింపితే పెట్రోలు అందులోకి దిగి దాన్ని పాడు చేస్తుంది.

తేదీ, కిలోమీటర్లు, లీటర్లు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఇది లేకుండా మిగతావన్నీ చేసినా ఏది పనిచేసిందో తెలియదు.

2. చక్రాలు తేలిగ్గా తిరుగుతున్నాయా చూడండి

మైలేజీ తగ్గిందంటే చాలామంది ముందు ఇంజిన్‌ను అనుమానిస్తారు. నేనైతే ముందు చక్రాలు చూడమంటాను.

మొదట గాలి. ఆఫ్‌రోడ్‌కు వెళ్లినప్పుడు గ్రిప్ కోసం గాలి తగ్గిస్తాం. తిరిగొచ్చాక దాన్ని మళ్లీ నింపడం మర్చిపోవడం ఈ బండ్లు నడిపేవాళ్లందరికీ తెలిసిన సంగతే. గాలి తగ్గిన టైరు నేలను ఎక్కువగా పట్టుకుంటుంది, ప్రతి చుట్టులోనూ నలుగుతూ వేడెక్కుతుంది. ఆ వేడి అంతా మీ పెట్రోలే. ఎంత గాలి ఉండాలో యూజర్ మాన్యువల్‌లో ఉంటుంది. ఒక్కరే వెళ్లేటప్పుడు ఎంత, వెనక మనిషి ఉంటే ఎంత అనేది విడివిడిగా చూసుకోండి. వారానికోసారి, బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నడిపాక కొలిస్తే నాలుగైదు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. బంకుల్లో గేజ్‌లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి, సొంతంగా చిన్న గేజ్ కొనుక్కోవడం మేలు.

తర్వాత బ్రేకులు. వర్షాకాలంలో బురదలో తిరిగాక క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్‌లను పట్టి ఉంచే భాగం) పిన్నులకు మట్టి పట్టి, ప్యాడ్‌లు డిస్కును పూర్తిగా వదలవు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. రెండు మూడు చుట్లు తిరగకుండా వెంటనే ఆగిపోతే మెకానిక్‌కు చూపించాలి. ఇది మైలేజీ ఒక్కదాని సమస్య కాదు, ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ప్రాణాల మీదకు వచ్చే విషయం.

ఇక చైన్. ఈ బైకుల సస్పెన్షన్ చాలా దూరం కదులుతుంది, హిమాలయన్ 450లో 200 మిల్లీమీటర్లు. వెనక చక్రం పైకీ కిందకీ కదిలేటప్పుడు చైన్ బిగుతు మారుతుంటుంది కాబట్టి మామూలు బైకుల కంటే కొంచెం ఎక్కువ లూజు అవసరం. వేలాడుతున్నట్టు ఉందని బిగించేస్తే చైన్, స్ప్రాకెట్, బేరింగ్ మూడింటి మీదా భారం పడుతుంది. చక్రం తిప్పుతూ ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో వెతికి, అక్కడే లూజు కొలవండి. ప్రతి 500 కిలోమీటర్లకూ, వర్షంలో తడిసిన ప్రతిసారీ శుభ్రం చేసి లూబ్ వేయాలి. లోపలి రబ్బరు రింగులు దెబ్బతింటాయి కాబట్టి పెట్రోలుతో కడగకండి. ఇంజిన్ ఆన్ చేసి గేరులో చైన్ తిప్పుతూ తుడవడం అసలే వద్దు, అలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

3. వారాంతం సామాను సోమవారానికి దించేయండి

సైడ్ బాక్సులు, టాప్ బాక్స్, ట్యాంకు పక్కన జెర్రీ క్యాన్, ఎత్తు పెంచిన విండ్‌షీల్డ్ లాంటివి లడఖ్‌లో ఉండాల్సినవి. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లడానికి అవి అక్కర్లేదు. బాక్స్ ఖాళీదే కదా అనుకోవద్దు. నిండినా ఖాళీ అయినా గాలికి అడ్డం పడేది ఒక్కటే. సిటీలో మాటిమాటికీ ఆగి బయల్దేరేటప్పుడు బరువు తినేస్తుంది, హైవే మీద వెడల్పు తినేస్తుంది. క్రాష్ గార్డ్ మాత్రం ఉంచండి. పడిపోయినప్పుడు కాపాడేదాన్ని మైలేజీ కోసం తీయకూడదు.

గుబ్బల టైర్లు వేయించుకున్నవాళ్లకు తారు రోడ్డు మీద మైలేజీ తగ్గడం సహజం. నెలకోసారి కూడా మట్టిదారి తొక్కనివాళ్లు తర్వాతిసారి మార్చేటప్పుడు రోడ్డుకు సరిపడే టైర్లు తీసుకోవడమే నయం.

4. కుడిచెయ్యి మార్చండి

హైవే మీద మైలేజీని తేల్చేది వేగం. గాలి నిరోధం వేగం వర్గానికి (వేగం × వేగం) తగ్గట్టు పెరుగుతుంది. 80లో వెళ్లేవాళ్లు 100కి పెంచితే గాలి వెనక్కి నెట్టే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, దాన్ని జయించడానికి కావాల్సిన పవర్ దాదాపు రెట్టింపు అవుతుంది. విజయవాడ హైవే మీద ఒకే బండితో, ఒక ట్యాంకు 80 దగ్గర, ఇంకో ట్యాంకు 100 దగ్గర నడిపి చూడండి. ఇంకే చిట్కాతోనూ అంత తేడా రాదు.

సిటీలో కథ వేరు. అక్కడ పెట్రోలు పోయేది బ్రేకుల్లో. ఎర్ర లైటు కనిపిస్తున్నా రేజ్ చేసి, దగ్గరికెళ్లి గట్టిగా బ్రేకు వేస్తే, అప్పటిదాకా పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగమంతా డిస్కులో వేడిగా పోతుంది. ఈ బండి సీటు ఎత్తు ఇక్కడే ఉపయోగపడుతుంది. కార్ల పైనుంచి నాలుగైదు బండ్ల ముందు ఏం జరుగుతోందో కనిపిస్తుంది. ముందుగానే యాక్సిలరేటర్ వదిలేసి, గేరులోనే దొర్లనివ్వండి.

‘గేరులోనే’ అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసే అలవాటు కార్బురేటర్ రోజుల నుంచి వచ్చింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, ఇంజిన్ తగినంత వేగంగా తిరుగుతున్నంతసేపూ ఇంజెక్టర్ పెట్రోలు ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఐడ్లింగ్‌కు, అంటే ఇంజిన్ ఆగిపోకుండా తిరగడానికి, పెట్రోలు పోస్తూనే ఉంటుంది. పైగా ఇంజిన్ బ్రేకింగ్ పోతుంది, అది ప్రమాదం.

పై గేరులో నడిపితే మైలేజీ వస్తుందన్న మాట నిజమే, కానీ దానికీ హద్దుంది. సింగిల్ సిలిండర్ ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలో వణుకుతూ మూలుగుతుంటే ఒక గేరు దించండి. హిమాలయన్ 450లో 3,000 ఆర్‌పీఎం కంటే కింద పై గేరుతో లాగించడం ఇంజిన్‌కు శిక్ష. అదే బండిలో ఎకో మోడ్ యాక్సిలరేటర్ స్పందనను మెత్తబరుస్తుంది. చెయ్యి దూకుడు ఉన్నవాళ్లకు సిటీలో అది సాయపడుతుంది.

ఉదయం స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నిలబెట్టి వేడి చేయాల్సిన పనిలేదు. స్టార్ట్ అయ్యాక కొద్ది సెకన్లలో కదిలి, మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా వెళ్తే చాలు. సిగ్నల్ టైమర్ అరవై చూపిస్తుంటే ఇంజిన్ ఆపండి, పది చూపిస్తుంటే వద్దు. రోజంతా చిన్న చిన్న దూరాలే తిరిగేవాళ్లు మాటిమాటికీ సెల్ఫ్ కొడితే బ్యాటరీ బలహీనపడుతుంది.

5. పెట్రోలు గురించి టెన్షన్ తగ్గించుకోండి

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత ఇంధనానికి తగ్గట్టు తయారైన ద్విచక్ర వాహనాల్లో మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది. 30 ఇచ్చే బండికి అది ఒక కిలోమీటరు లెక్క. ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోస్తే అది తిరిగొస్తుందన్న ఆశ వద్దు. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను (ఇంజిన్‌లో పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమనడాన్ని) తట్టుకునే గుణమే, అదనపు శక్తి కాదు.

6. అయినా తగ్గితే

దుమ్ములో తిరిగొచ్చాక ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి, సర్వీస్ గడువు దాకా ఆగకండి. ఆయిల్ మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయించండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా వరుసగా రెండు ట్యాంకుల్లో మైలేజీ ఒక్కసారిగా 15 శాతం పడిపోయిందంటే అది నడిపే తీరు వల్ల కాదు. క్లచ్ జారుతుండొచ్చు, స్పార్క్ ప్లగ్ అరిగి ఉండొచ్చు, ఆక్సిజన్ సెన్సర్ తప్పు చెబుతుండొచ్చు. సర్వీస్ సెంటర్‌లో ‘మైలేజీ రావట్లేదు’ అని మాత్రమే చెబితే, ట్రాఫిక్ వల్ల అంటూ పంపేస్తారు. ఫోన్‌లో రాసుకున్న లెక్క తీసి, ఏ తేదీ నుంచి ఎంత తగ్గిందో చూపించి, జాబ్ కార్డులో ఆ అంకెలు రాయించండి.