పసిబిడ్డ ఒళ్లు పచ్చబడితే

మా చిన్నోడు పుట్టిన మూడో రోజు. గుడ్డలు మారుస్తూ అమ్మ ఆగిపోయింది. "కంట్లో తెల్లగుడ్డు పచ్చబడిందే, చూడు."

మీరూ పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూడండి. ముక్కు మీదా, రొమ్ము మీదా వేలితో మెల్లగా నొక్కి వదలండి. అక్కడ పచ్చగా కనిపిస్తే కామెర్లు అనుకుని ఆ రోజే డాక్టరుకు చూపించండి. పుట్టిన 24 గంటల్లోపే కనిపించినా, పచ్చదనం అరికాళ్ల దాకా దిగినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడి ఉన్నా తెల్లారేదాకా కూడా ఆగొద్దు.

నీరెండలో పెడితే పోతుందని మా అత్తయ్య అంది, ప్రేమతోనే. కానీ ఎండ వైద్యం కాదు. రక్తపరీక్షలో బిలిరుబిన్, అంటే ఒంటిని పచ్చబరిచే పదార్థం, ఎంతుందో చూసి డాక్టరే చెప్పాలి. మావాణ్ణి ఆసుపత్రిలో రెండు రోజులు కామెర్లు తగ్గించే లైట్ల కింద పెట్టారు, కళ్లకు గంతలు కట్టి. ఆ నీలం వెలుగులో వాడి గుప్పిళ్లు చూసి నేను నిలబడలేకపోయాను.

పాలు మాత్రం ఆపొద్దు, రోజుకు 8 నుంచి 12 సార్లు. రెండు గంటలకోసారి అత్తయ్యే నన్ను లేపి, వాడి అరికాళ్లు రుద్ది మెలకువ తెప్పించేది. మా ఆయన తడిపిన గుడ్డలు లెక్క రాసేవాడు. అమ్మ క్యారేజీ తెచ్చేది.

లైట్లు తీశాక బిలిరుబిన్ మళ్లీ పెరగొచ్చు. డాక్టరు రమ్మన్న రోజున తప్పకుండా వెళ్లండి.