నది మీద బాణసంచా కాల్చే రాత్రి పడవను ఎక్కడ, ఎలా ఉంచాలి?

విజయదశమి రాత్రి బెజవాడ దుర్గాఘాట్ దగ్గర తెప్పోత్సవం చూసినవాళ్లకు ఆ సందడి తెలుసు. హంస వాహనం మీద అమ్మవారు, స్వామివారు. ఒడ్డు పొడవునా జనం. పైన ఔట్లు. ఇలాంటి రాత్రి నదిలో పడవ ఎక్కినవాళ్లలో ఎవరో ఒకరు సరంగుతో తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఇంకొంచెం దగ్గరికి పోనీ అన్నా, ఇక్కణ్నుంచి సరిగ్గా కనపడట్లేదు."

దగ్గరికి పోతే ఇంకా కనపడదు. సరిగ్గా కిందకి వెళ్తే మెడ పట్టేస్తుంది, కళ్లలో బూడిద పడుతుంది, పొగలో సగం వెలుగు పోతుంది. రెండు మూడు వందల మీటర్ల దూరం నుంచి చూస్తేనే పువ్వు మొత్తం విచ్చుకోవడం కనిపిస్తుంది. అంటే క్షేమంగా ఉండే చోటే బాగా కనిపించే చోటు కూడా. ఈ సంగతి జనానికి ముందే చెప్పేస్తే సరంగుకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఒక విషయం మాత్రం మర్చిపోకండి. కారు ఆపిన చోటే ఉంటుంది, పడవ ఉండదు. కింద నీళ్లు లాగుతుంటాయి, పైన గాలి తోస్తుంటుంది. అందుకే పడవ ఎక్కడ ఉండాలో పగటి వెలుగు ఉండగానే తేల్చుకుని, అక్కడ కట్టేయాలి. షో మొదలయ్యాక చూసుకుందాం అనుకుంటే అప్పటికే ఆలస్యం.

1. ఎక్కడ కాలుస్తారు, ఎంత పెద్దవి కాలుస్తారు: ముందు రోజే అడగండి

నిర్వాహకులనో, ఘాట్ దగ్గర డ్యూటీలో ఉన్న పోలీసులనో అడిగితే చెప్తారు. ఒడ్డు మీద కాలుస్తారా, పంటు (బల్లపరుపు పడవ) మీద నుంచా? అన్నిటికంటే పెద్ద షెల్, అంటే గొట్టంలోంచి పైకెగిరి పేలే బాణసంచా గుండు, ఎన్ని అంగుళాలు? మొదటి ప్రశ్నకు జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. రెండోదానికి బాణసంచా కాంట్రాక్టరును పట్టుకోవాలి.

అంగుళాలు ఎందుకంటే, దూరం లెక్క దాని మీదే ఆధారపడి ఉంటుంది. అమెరికాలో పెద్ద ప్రదర్శనలకు పాటించే ప్రమాణం ప్రకారం షెల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి 70 అడుగులు, అంటే సుమారు 21 మీటర్ల దూరం వదలాలి. మూడంగుళాల షెల్‌కు 64 మీటర్లు, ఆరంగుళాలదానికి 128, పన్నెండు అంగుళాలదానికి 256. ఇది కనీస దూరం. గాలి వాటంగా ఉన్న వైపు ఇంకా వదలాలి. షెల్ సైజు తెలియకపోతే నేనైతే 300 మీటర్లు అనుకుంటాను. పోలీసులు అంతకంటే దూరంలో గీత గీస్తే ఆ గీతే లెక్క, బేరాలు వద్దు.

రాత్రి నీళ్ల మీద దూరం అంచనా వేయడం కష్టం. ఎదురుగా ఉన్న దీపం నిజంగా ఉన్నదానికంటే దగ్గరగా అనిపిస్తుంది. బెజవాడలో అయితే ప్రకాశం బ్యారేజీ మంచి కొలబద్ద. దాని పొడవు 1,223 మీటర్లు, కాబట్టి అందులో నాలుగో వంతు అంటే మనకు కావలసిన 300 మీటర్లు. పగలు ఒకసారి బ్యారేజీ వైపు చూసి ఆ దూరాన్ని కంటికి అలవాటు చేసుకోండి.

షో మొదలయ్యాక చెవితో కూడా కొలవచ్చు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. ఆకాశంలో వెలుగు కనపడగానే "నూటొకటి" అనండి. ఆ మాట పూర్తయ్యేసరికి సుమారు ఒక సెకను అవుతుంది. మాట పూర్తయ్యాక ఢామ్ అని వినిపిస్తే ఫర్వాలేదు. "నూ..." అంటుండగానే వినిపించిందా, మీరు మరీ దగ్గర్లో ఉన్నట్టు. ఆరంగుళాల షెల్ పేలేదే సుమారు 180 మీటర్ల ఎత్తులో. అరసెకనులో శబ్దం వచ్చిందంటే అది దాదాపు మీ నెత్తి మీదే పేలిందన్నమాట.

2. గాలి, ప్రవాహం రెండూ చూసి చోటు ఎంచుకోండి

సాయంత్రం ఐదు గంటలకు పడవ ముందు భాగంలో ఒక అగరొత్తి వెలిగించి పట్టుకోండి. పొగ ఏ వైపు పోతే నిప్పురవ్వలు, కాలిన అట్టముక్కలు కూడా ఆ వైపే వస్తాయి. అగరొత్తి ఆర్పేశాక, కాల్చే చోటుకు పొగ పోయే వైపు కాకుండా దానికి ఎదురు వైపు మీ పడవ ఉండాలి. షోకి అరగంట ముందు మళ్లీ చూసుకోండి, పొద్దు వాలాక గాలి తిరగడం మామూలే. పడవలో ఇంధనం ఉన్నప్పుడు అగరొత్తి ఏంటి అంటారా? నిజమే. పెట్రోలు ఇంజిన్ ఉంటే అగరొత్తి బదులు తడి లేని పలచటి గుడ్డపేలిక చాలు.

ప్రవాహం సంగతి కొంచెం తికమకగా ఉంటుంది. కాల్చే చోటుకు ఎగువన ఉంటే, ఇంజిన్ ఆగిపోయినప్పుడు నీళ్లు మిమ్మల్ని నేరుగా నిప్పు కిందికే తీసుకుపోతాయి. అలాగని దిగువకు పోదామా అంటే, బెజవాడ దుర్గాఘాట్ దగ్గర దిగువన ఉన్నది బ్యారేజీ. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లను గుద్దుకున్నాయి, గేట్లకు తూకంగా ఉండే కౌంటర్ వెయిట్లు (బరువు దిమ్మెలు) దెబ్బతిన్నాయి, ఆ పడవలను బయటికి లాగడానికి రోజుల తరబడి తంటాలు పడ్డారు. పండగనాడు అంత వరద లేకపోవచ్చు. కానీ కట్టు తెగిన పడవ ఎటు పోతుందో అప్పుడు ఊరంతా చూసింది.

కాబట్టి ఎగువా వద్దు, దిగువా వద్దు. కాల్చే చోటుకు పక్కగా, గాలికి ఎదురుగా ఉన్న వైపు, ఒడ్డు వారన కట్టేయడం మేలు. నది మధ్యలో ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని అటూ ఇటూ సర్దుకుంటూ నిలబడటం చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ, ఇరవై పడవలు అదే పని చేస్తుంటే చీకట్లో ఎవరు ఎవరికి తగులుతారో చెప్పలేం.

వరద ఎక్కువగా ఉన్న ఏడాది హంస వాహనాన్నే నదిలో తిప్పరు, ఒడ్డున ఉంచి పూజలు చేస్తారు. అమ్మవారి తెప్పే ఆగినప్పుడు మన పడవకు నదిలో పనేంటి?

3. పడవలో కాలే వస్తువులు తీసేయండి

ఒక పండగ మర్నాడు రేవులో ఒక పడవ కప్పు మీద కట్టిన నీలం టార్పాలిన్‌ను దగ్గరగా చూశాను. దాని మీద శనగగింజంత రంధ్రాలు పదకొండు. అంచులు కరిగి నల్లగా గడ్డకట్టి ఉన్నాయి. సరిగ్గా వాటిలో ఒకదాని కింద, జానెడు దూరంలో, మూత సరిగ్గా బిగించని పెట్రోలు డబ్బా. ఆ పడవాయన నవ్వేసి ఊరుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అందుకని అదనపు పెట్రోలు, డీజిల్ డబ్బాలు ఒడ్డునే వదిలేయండి, ట్యాంకులో ఉన్నది చాలు. టార్పాలిన్, షామియానా, థర్మోకోల్ డెకరేషన్, కాగితపు తోరణాలు, ఎండు కొబ్బరాకులు అన్నీ తీసేయాలి. అలంకరణ కావాలంటే పచ్చటి మామిడాకులు, బంతిపూలు పెట్టండి, అవి అంత తేలిగ్గా అంటుకోవు. గ్యాస్ స్టవ్ మీద మిర్చి బజ్జీల కార్యక్రమం ఆ రాత్రికి వద్దు.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉందా అని మాత్రమే చూడకండి, దాని ముల్లు పచ్చ గీతలో ఉందా అని కూడా చూడండి. రెండు బకెట్లు, నాలుగు తడిపిన గోనెసంచులు చేతికందేలా ఉంచండి. రవ్వ పడితే తడి గోనె కప్పడమే అన్నిటికంటే త్వరగా అయ్యే పని.

ప్రయాణికులు పడవలో కాకరపువ్వొత్తి కూడా వెలిగించకూడదు. ఇక్కడ మొహమాటం పనికిరాదు. 2025 జనవరి 26 రాత్రి హుస్సేన్ సాగర్‌లో బాణసంచా పెట్టుకున్న బోటులోనే నిప్పంటుకుని రెండు బోట్లు కాలిపోయాయి. ఉన్నవాళ్లు నీళ్లలోకి దూకాల్సి వచ్చింది, ప్రాణనష్టం జరిగింది. నిర్వాహకులు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు ఒకటే మాట: కాల్చే పంటు మీద కాల్చేవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండకూడదు, మిగిలిన సరుకు నిల్వ చేయడానికి జనం ఎక్కిన బోటును వాడకూడదు.

4. ఎక్కించుకునేటప్పుడే లెక్క పెట్టండి

2017 నవంబర్ 12, కార్తిక ఆదివారం సాయంత్రం ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం సమీపంలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని పడవ, ఎక్కువమంది జనం. అక్కడ బాణసంచా లేదు. బాణసంచా కూడా ఉంటే ఇంకో సమస్య తోడవుతుంది: పెద్ద ఔటు పేలగానే అందరూ ఒకేసారి లేచి ఆ వైపుకు పోతారు. పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకని అనుమతించిన సంఖ్య కంటే కొంత తక్కువమందినే ఎక్కించుకోండి, కూర్చునే చూడాలని బయల్దేరక ముందే చెప్పండి. పడవను పక్కకు కాకుండా ముక్కు అటువైపు ఉండేలా కడితే రెండు వైపులవాళ్లకూ సమానంగా కనిపిస్తుంది, ఎవరూ లేవరు. ప్రవాహం గట్టిగా ఉంటే మాత్రం ముక్కు ఎగువకే ఉండాలి, చూసే సుఖం తర్వాత.

లైఫ్ జాకెట్లు వేసుకోవడానికి. మన దగ్గర వాటిని పరుపులా కింద వేసుకుని కూర్చుంటారు. బకిల్ పెట్టారా లేదా అని ఒక్కొక్కరినీ చూసి, పిల్లలకు పిల్లల సైజువి ఇచ్చాకే మోకు విప్పండి.

5. కట్టే పద్ధతి

ముందొకటి, వెనకొకటి, రెండు మోకులు. నీటిమట్టం పెరిగినా తగ్గినా లాగకుండా కొంచెం వదులు. ఒక్క లాగుతో విప్పుకునే ముడి వేయండి. అది పట్టేస్తే కోయడానికి కత్తి ముడి పక్కనే ఉండాలి, పెట్టెలో అడుగున కాదు. నైలాన్ మోకు వేడికి కరుగుతుంది కాబట్టి పడవ మీద ఉన్న భాగాన్ని తడిపి ఉంచండి.

పడవకు పడవ కట్టి వరసగా నిలపడం మన రేవుల్లో అలవాటు. ఆ ఒక్క రాత్రికి మానేయండి. 2023 నవంబర్‌లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక్క రాత్రిలో 30కి పైగా బోట్లు కాలిపోయాయి. అది బాణసంచా వల్ల కాదు, కానీ పక్కపక్కనే కట్టిన బోట్ల మీదకు మంట ఎలా పాకుతుందో తెలిసింది. రెండు పడవల మధ్య కనీసం ఒక పడవ పొడవు ఖాళీ వదలండి.

6. షో నడుస్తున్నంతసేపూ

సరంగు ఆకాశం వైపు చూడకూడదు. కఠినంగా అనిపించినా కారణం ఉంది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, ఒక్క తెల్లటి మెరుపు చూస్తే ఆ అలవాటు పోతుంది. అప్పుడు ఎదురుగా దీపం లేని నాటు పడవ వచ్చినా కనపడదు. చూడకుండా ఉండలేకపోతే ఒక కన్ను మూసుకుని చూడమనండి. మూసిన కన్ను పనికొస్తుంది.

ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, వెనక తెలుపు, ఈ దీపాలు వెలగాలి. రంగురంగుల సీరియల్ సెట్లు ఆర్పేయండి, వాటి మధ్య అసలు దీపాలు ఎదుటివాళ్లకు కనపడవు.

పడవలో నిప్పంటుకుంటే ముందు ఇంధనం వాల్వు కట్టేయాలి. మంట వెనక ఉంటే ముక్కు గాలికి ఎదురుగా తిప్పాలి, అప్పుడు మంట జనం మీదకు రాదు. పెట్రోలు మంట మీద నీళ్లు పోయొద్దు, అది నీటి మీద తేలి ఇంకా పాకుతుంది. దూకక తప్పకపోతే గాలి వచ్చే వైపు నుంచి దూకాలి. 112కి ఫోన్ చేసి ఘాట్ పేరు ముందు చెప్పండి, మిగతాది తర్వాత. కాలిన చోట శుభ్రమైన చల్లటి నీళ్లు 20 నిమిషాలు పోస్తూ ఉండండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి.

7. ఆఖరి ఔటు తర్వాత పదిహేను నిమిషాలు

అన్నిటికంటే గడ్డు సమయం ఇదే. ఆఖరి ఔటు పేలగానే ప్రతి పడవా ఒకేసారి బయల్దేరుతుంది, పొగ ఇంకా నీళ్ల మీదే ఉంటుంది, అందరి కళ్లూ మిరుమిట్లు గొలిపి ఉంటాయి. అదీగాక పేలని షెల్ గొట్టంలోనే ఉండిపోయి ఆలస్యంగా పేలొచ్చు. కాల్చేవాళ్లే కనీసం పావుగంట ఆగి దగ్గరికి వెళ్తారు. మీరూ అంతసేపు కట్టేసే ఉండండి. ఈలోగా ఉప్మా ప్యాకెట్లు పంచండి, ఇంకా ఎందుకు కదలట్లేదని జనం అడగరు. ఒడ్డు వారనే కట్టారు కాబట్టి వీలైతే ఎక్కినవాళ్లను అక్కడే దించేయండి, నదిలో తిరుగు ప్రయాణం తప్పుతుంది.

వెళ్లేటప్పుడు నెమ్మదిగా, అల లేవకుండా. నీళ్లలో తేలే గుండ్రటి అట్ట బంతిని పిల్లలు ముద్దుగా అందుకోబోతారు. పేలనిది అయితే తడిసినా ఆరాక మళ్లీ పేలగలదు. తెడ్డుతో కూడా తోయకండి, దూరంగా తప్పుకుని, ఎక్కడ చూశారో పోలీసులకు చెప్పండి.

మర్నాడు పొద్దున కప్పు, మోకులు, ఇంజిన్ మూత కింద చేత్తో తడిమి చూడండి. గోనెసంచుల మడతల్లో, తాడు చుట్టలో రవ్వ రాత్రంతా రాజుకుంటూ ఉండొచ్చు. ఆ చూడటం అయ్యాకే డబ్బాలు మళ్లీ పడవ ఎక్కించండి.