తు బిష్వాత్ మలీదా ఎలా కలపాలి? నలభై మందికి, అటుకులు ముద్ద కాకుండా

కొంకణ్ తీరంలోనూ ముంబయి, ఠాణేల్లోనూ తరతరాలుగా ఉంటున్న బెనె ఇజ్రాయెల్ యూదులకు చలికాలంలో అందరూ ఒకచోట చేరే పెద్ద సందర్భం తు బిష్వాత్. యూదుల షెవాట్ నెలలో 15వ రోజు, చెట్లకు కొత్త సంవత్సరం. ప్రపంచమంతటా యూదులు ఆ రోజు పండ్లు తింటారు. కొంకణ్ యూదులు మాత్రం ఏలీయా ప్రవక్త పేరు మీద మలీదా పళ్ళెం కూడా పెడతారు. తడిపిన అటుకులు, పచ్చికొబ్బరి, చక్కెర, యాలకులు, డ్రైఫ్రూట్స్ కలిపి, చుట్టూ ఐదు రకాల పండ్లు పేర్చి, మధ్యలో గులాబీ పెడతారు. పొయ్యి వెలిగించే పనే లేదు. ఇంత సులువని ఎవరూ జాగ్రత్త పడరు, దాంతో చెడిపోతుంది.

ఠాణేలో మా పక్కింటి మావ్షీ (మరాఠీలో పిన్ని) నాకిది నేర్పారు. ఏళ్ళుగా ఆవిడతో కలిసి హాల్లో కూర్చుని కలుపుతున్నాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు తడి ముద్దను డబ్బాలో కుక్కి తెచ్చి, ఇదే మలీదా అంటారు. ప్రార్థన చేసి పంచిపెట్టే పదార్థం అలా ఉండకూడదు.

తెలంగాణ వాళ్ళకు ముందే ఒక మాట. సద్దుల బతుకమ్మకు రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ఇది కాదు. ఆ చేయి అలవాటుతో దీన్ని పిసికి ముద్దలు చేయకండి.

తేదీ చూసుకోండి

యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. 2026లో తు బిష్వాత్ ఫిబ్రవరి 2 అంటే 1వ తేదీ సాయంత్రానికే పండుగ వచ్చేసినట్టు. తిథి 15 కాబట్టి మన పౌర్ణమికి అటూ ఇటూగా పడుతుంది, ఆకాశం చూసి కూడా పోల్చుకోవచ్చు. 2027లో జనవరి 23, శనివారం, అంటే సబ్బాతు, యూదులు పనులు మానేసే విశ్రాంతి రోజు. అలాంటి ఏడాది కొబ్బరి తురమడం, ఏలకులు దంచడం లాంటి పనులన్నీ శుక్రవారం పొద్దు గుంకక ముందే అయిపోవాలి. లేదా కూడికనే శనివారం చీకటి పడ్డాక పెట్టుకోవాలి. ఈ విషయం హజ్జాన్‌ను, అంటే ప్రార్థన నడిపించే పెద్దాయన్ను, వారం ముందే అడగండి. సరుకులన్నీ కొన్నాక అడిగితే ఆయనకూ ఇబ్బంది, మీకూ టెన్షన్.

సరుకులు

నలభై మందికి ఇవి చాలు: మందపాటి అటుకులు కిలో, కొబ్బరికాయలు మూడు, చక్కెర 400 గ్రాములు, యాలకులు ఇరవై, బాదం 100 గ్రాములు, పిస్తా 50, కిస్‌మిస్ 100, చిటికెడు ఉప్పు. పండ్లు ఐదు రకాలు, గులాబీలు. వెడల్పాటి స్టీల్ పళ్ళాలు రెండు, చిల్లుల గిన్నె ఒకటి, ఉతికిన తెల్లటి నూలు బట్టలు రెండు. ప్లాస్టిక్ టబ్బుల్లో కలపొద్దు.

అటుకుల్ని ముందు రోజే తెల్లబట్ట మీద పరిచి ఏరండి. పురుగు తినకూడదన్నది యూదుల ఆహార నియమం, కాబట్టి ఇది పైపైన చూసి వదిలేసే పని కాదు. పల్చటి అటుకులు చుడువాకే బాగుంటాయి, ఇందులోకి వద్దు. పాకెట్లో దొరికే ఎండుకొబ్బరి పొడి అసలే వద్దు. కాయ కొట్టి, కోరుతో తురమాలి. అడుగున గోధుమరంగు తొక్క వచ్చేదాకా గీకకండి, తురుము తెల్లగా ఉండాలి. బాదం నానబెట్టి తొక్క తీసి నిలువుగా చీల్చండి. యాలకులను రెండు చెంచాల చక్కెరతో కలిపి దంచితే పొడి అంతటా సమంగా కలుస్తుంది. జాజికాయ కొందరు వేస్తారు. నేను వేయను, మీరూ వేయకండి. గులాబీ వాసన ముందు అది అనవసరం.

చక్కెరకు బదులు బెల్లం వేస్తామని చాలామంది అంటారు. బెల్లం తడిని లాగి అటుకుల్ని బరువెక్కిస్తుంది, రంగు మారుస్తుంది. చక్కెరే వాడండి.

నెయ్యి, పాలు వద్దు

మన ఇళ్ళలో తీపి అనగానే చేయి నెయ్యి గిన్నె వైపు వెళ్తుంది. ఇక్కడ దాన్ని ఆపుకోవాలి. యూదులు మాంసాన్నీ పాల పదార్థాన్నీ ఒకే భోజనంలో తినరు. మాంసం తిన్నాక పాల వస్తువు ముట్టుకోవడానికి గంటల తరబడి ఆగుతారు. మలీదా తర్వాత చాలాసార్లు చికెన్‌తోనో మటన్‌తోనో భోజనం ఉంటుంది. అందులో ఒక్క చెంచా నెయ్యి పడితే భోజనం మొత్తం చిక్కులో పడుతుంది. కొంకణ్ యూదుల వంటల్లో కొబ్బరిపాలు అంతగా వాడడానికి ఇదీ ఒక కారణం.

ఒకసారి ఒక క్యాటరింగ్ వాళ్ళు రుచి కోసమని కండెన్స్‌డ్ మిల్క్ కలిపి పంపారు. తిన్నవాళ్ళు బాగుందన్నారు, కానీ భోజనం వండిన వాళ్ళు తలపట్టుకున్నారు. అటుకులు సరిగ్గా నానితే కొబ్బరిలో ఉన్న నూనే చాలు, ఇంకే కొవ్వూ అక్కర్లేదు. నెయ్యి వేస్తున్నారంటే అటుకులు పొడిగా మిగిలాయనే అర్థం.

అటుకులు తడపడం

ఇక్కడ తొందర పడకండి. మిగతా పనులన్నీ చిన్నపిల్లలు కూడా చేస్తారు, ఇది మాత్రం మీరే చేయాలి.

అటుకులు పచ్చి బియ్యం కాదు. వడ్లు నానబెట్టి, వేయించి, దంచితే వచ్చినవి. అవి ఉడికినట్టే లెక్క, మళ్ళీ నానబెట్టాల్సిన అవసరం లేదు. తడి తగిలితే చాలు, ఆ తడి పైపొర నుంచి లోపలికి తనంతట తానే వెళ్తుంది. దానికి పావుగంట పడుతుంది. ఈ పావుగంట ఆగలేకే అందరూ చెడగొడుతున్నారు. నీళ్ళలో ఉండగానే మెత్తబడాలని చూస్తారు. నీళ్ళలో మెత్తబడిన అటుకు బయటికి తీశాక కూడా ఇంకా మెత్తబడుతూనే ఉంటుంది, చివరికి గంజి అవుతుంది.

కిలో అటుకుల్ని ఒకేసారి తడపకండి. నాలుగు భాగాలు చేయండి. ఒకేసారి పోస్తే పైన ఉన్నవి పొడిగా ఉండగానే అడుగున ఉన్నవి బరువుకు నలిగి అంటుకుంటాయి. పెద్ద బేసిన్ నిండా చల్లటి నీళ్ళు పోయండి. గోరువెచ్చటి నీళ్ళు వద్దు, అవి పైపొరలోని పిండిని కరిగించి జిగురు చేస్తాయి. పావుకిలో అటుకుల్ని చిల్లుల గిన్నెలో పోసి, గిన్నెతో సహా నీళ్ళలో ముంచి, పదిహేను అంకెలు లెక్కపెట్టి ఎత్తండి. ఒకసారి కుదిపి, మళ్ళీ ముంచి, మళ్ళీ పదిహేను లెక్కపెట్టి ఎత్తేయండి. అంతే. చేత్తో కలపకూడదు, పిండకూడదు. మొదటి ముంపులో నీళ్ళు తెల్లబడతాయి, అది తవుడు, పిండి. ప్రతి భాగానికీ నీళ్ళు మార్చండి.

గిన్నెను ఏటవాలుగా పెట్టి ఐదు నిమిషాలు ఓడనివ్వండి. నిటారుగా పెడితే అడుగున నీళ్ళు నిలుస్తాయి. తర్వాత పళ్ళెంలో వేలెడు మందానికి మించకుండా పరిచి, తడిపి గట్టిగా పిండిన బట్ట కప్పండి. జనవరి, ఫిబ్రవరి గాలి పొడిగా ఉంటుంది. ఫ్యాన్ వేస్తే పైవి మళ్ళీ ఎండి గట్టిపడతాయి, కాబట్టి ఫ్యాన్ ఆపండి.

పావుగంట తర్వాత చూడండి. ఒక అటుకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాలి. మధ్యలో గట్టి పలుకు తగలకుండా మెదగాలి. అదే సమయంలో గుప్పెడు తీసి వదిలితే విడివిడిగా రాలాలి. ఈ రెండూ కుదిరితేనే ముందుకు వెళ్ళండి. ఒక్క అటుకు చూసి నిర్ణయించకండి, పళ్ళెం నాలుగు మూలల నుంచీ తీసి చూడండి.

పలుకు తగిలితే కొబ్బరికాయలు కొట్టినప్పుడు పట్టిన నీళ్ళను వేళ్ళతో చిలకరించి, కప్పి, ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. గ్లాసుతో పోయకండి. ఎక్కువ నానిపోయిందా? కొంచెమే ఎక్కువ నానితే పొడి బట్ట మీద పలచగా పరిచి చూడవచ్చు. ముద్ద అయిపోతే దానికి మందు లేదు. పొడి అటుకులు కలిపి సర్దుదామనుకోకండి, సగం గట్టిగా సగం పిండిగా నోటికి తగులుతుంది. ఆ పావుకిలో పక్కన పెట్టి కొత్తది తడపండి. భాగాలుగా తడపమన్నది ఇందుకే, పోతే పావుకిలోనే పోతుంది.

కుళాయి కింద పెట్టి కడిగితే సరిపోతుందని కొందరు వాదిస్తారు. రెండు గుప్పెళ్ళ పోపు అటుకులకు సరే. నలభై మందికి అది పనికిరాదు. ధార పడిన చోట అటుకు విరుగుతుంది, పడని చోట పొడిగా ఉంటుంది. మావ్షీ చెప్పిన ముంపు పద్ధతిలో ప్రతి అటుకుకూ ఒకే తడి.

కలపడం

ముందు కొబ్బరి, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి వేసి వేళ్ళు విప్పి కింద నుంచి పైకి ఎగరేసినట్టు కలపండి. గరిటె వద్దు. తర్వాత బాదం, పిస్తా, కిస్‌మిస్. చక్కెర మాత్రం ప్రార్థనకు పావుగంట ముందే వేయాలి. చక్కెర అటుకుల్లోంచీ కొబ్బరిలోంచీ నీరు లాగేస్తుంది. పొద్దున్నే కలిపి పెడితే సాయంత్రానికి అడుగున పానకం చేరుతుంది.

పండ్లు, దీవెనలు

పండ్ల ఎంపిక అలంకారం కోసం కాదు. తినేముందు చదివే చిన్న ప్రార్థనను దీవెన అంటారు. చెట్టున కాసే పండుకు ఒక దీవెన, నేల నుంచి వచ్చేదానికి వేరే దీవెన ఉంటాయి. యూదుల లెక్కలో అరటి చెట్టు కాదు, అందుకే అరటిపండు నేల పంట కిందికి వస్తుంది. అరటి లేకుండా ఐదూ చెట్టు పండ్లే పెడితే రెండో దీవెన చదవడానికి ఏమీ ఉండదు. ఖర్జూరం, ఆపిల్, కమలా, జామ, అరటి నా ఐదు. ఖర్జూరం తప్పనిసరిగా పెట్టండి, బైబిలు ఇజ్రాయెల్ దేశానికి చెప్పిన ఏడు పంటల్లో అదొకటి. ఆపిల్, అరటి చివరి నిమిషంలోనే కోయాలి. ఏ పండునూ అటుకుల్లో కలపకూడదు, చుట్టూ పేర్చాలి. గులాబీ కూడా ఊరికే కాదు, సువాసనకు వేరే దీవెన ఉంది. వాసన లేని హైబ్రిడ్ గులాబీ కొనకండి, ముక్కు దగ్గర పెట్టి చూసి కొనండి.

ప్రార్థనలో ఎలియాహు హన్నాబీ, అంటే ఏలీయా ప్రవక్త, పాట పాడతారు, బైబిల్లో ఇస్సాకు యాకోబును దీవించిన మాటలు చదువుతారు. అవి పూర్తయ్యేదాకా పళ్ళెం మీద చేయి వేయకూడదు. తర్వాత ఒక్కో దీవెన చదివి ఆ పండు పంచుతారు. వడ్డించేవాళ్ళు పండ్లను ముందే రకాలవారీగా చిన్న పళ్ళాల్లో సర్దుకుంటే గందరగోళం ఉండదు.

ఖండాలా తీసుకెళ్ళాలంటే

తు బిష్వాత్‌కు చాలా కుటుంబాలు అలీబాగ్ దగ్గరి ఖండాలా గ్రామానికి వెళ్తాయి. ఏలీయా రథం అక్కడి బండ మీద ఆగిందని, దాని గుర్తులు ఇప్పటికీ ఉన్నాయని వాళ్ళ నమ్మకం. బెనె ఇజ్రాయెల్ పూర్వీకులు ఓడ మునిగి ఒడ్డుకు చేరారని చెప్పుకునే నవ్‌గావ్ కూడా ఆ తీరంలోనే ఉంది. లోనావలా పక్కనున్న హిల్ స్టేషన్ ఖండాలా ఇది కాదు, మ్యాప్‌లో పేరు కొట్టి బయల్దేరకండి. ఏలీయాకు ఈ సమాజంలో ఉన్న చోటు ఎంత పెద్దదో అక్కడికి వచ్చే వాళ్ళను చూస్తే తెలుస్తుంది. 1948 తర్వాత ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు వెళ్ళిపోయారు, అక్కడ కూడా మలీదా పెడుతూనే ఉన్నారు.

ప్రయాణమైతే కలిపిన మలీదా మోసుకెళ్ళకండి. మూతపెట్టిన డబ్బాలో ఆవిరి పట్టి చల్లగా, ముద్దగా తయారవుతుంది. ఏరిన అటుకులు, దంచిన యాలకులు, డ్రైఫ్రూట్స్ విడివిడిగా కట్టుకోండి. కొబ్బరికాయలు కాయలుగానే తీసుకెళ్ళి అక్కడ తురమండి. చిల్లుల గిన్నె మరచిపోకండి, అక్కడ ఎవరినీ అడిగి తెచ్చుకోలేరు.

మిగిలిన మలీదాను ఆ రాత్రే పంచేయండి. పచ్చికొబ్బరి తెల్లారేసరికి పులుపెక్కుతుంది. ఫ్రిజ్‌లో పెడితే అటుకులు రాళ్ళలా గట్టిపడతాయి. పది చిన్న డబ్బాలు ముందే సిద్ధం చేసుకుని, రాలేకపోయిన పెద్దవాళ్ళ ఇళ్ళకు ఆ సాయంత్రమే పంపండి.